‘ఎల్లొత్తాను’లో సగం

మొన్న దువ్వాడ వెళ్ళి వచ్చాం. ‘వెళ్ళాం’ అంటే చాలదా, రాకపోతే ఇప్పుడిది రాస్తున్నదెవరు అని మీరు అడగొచ్చు. అడగండి. సరిగ్గా ఇలాంటి ప్రశ్నే అడిగి ఒక పెద్దమనిషి మా పేట మొత్తాన్ని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇసకలో నిలబెట్టాడు. ఆయన్ని చూడటానికే వెళ్ళాం.

ఆయన జగన్నాథం మేష్టారు. మా ఆవిడ పైడమ్మకి డిగ్రీలో తెలుగు సాహిత్యం చెప్పారు. నాకూ చెప్పారు గానీ, నా పేరు ఏ హాజరుపట్టీలోనూ దొరకదు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయిందనీ, మాట కూడా పోయిందనీ తెలిసి రైలెక్కాం. దువ్వాడ స్టేషన్ బయట ఒకప్పుడు తాటిచెట్లూ మేకలూ ఉండేవి. ఇప్పుడు తాటిచెట్ల ఎత్తున అపార్టుమెంట్లు, మేకలున్న చోట ఇంజనీరింగ్ పిల్లలు. మేష్టారి నాన్నగారు గోదావరి వైపునుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థలం కొన్న రోజుల్లో, అడవిలో కొన్నాడని అందరూ నవ్వారట. మేష్టారి అమ్మాయి తలుపు తీసింది. గదిలో కర్పూరం తైలం వాసన, దాని కింద పాత పుస్తకాల వాసన. మంచం మీద ఆయన సగమే ఉన్నట్టున్నారు. "నాన్నగారికి గుప్పెడు మాటలే మిగిలాయండీ," అంది ఆ అమ్మాయి మెల్లిగా. నాకు నోరు ఊరుకోదు కదా. "ఎక్కువ మాటలు కొట్టెయ్యమని జన్మంతా చెప్పారు సరే మేష్టారూ, మరీ ఇంతలా కొట్టెయ్యాలా?" అనేశాను. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. పైడమ్మ నా చెయ్యి గిల్లింది. మేష్టారు మాత్రం పనిచేస్తున్న సగం మూతితో నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు మనసు కుదుటపడాలి. పడలేదు. బయల్దేరేటప్పుడు అక్కడ ఏం జరిగిందో ఆఖర్న చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు మా ఒడ్డుకి రావాలి.

నేను ఏడో తరగతిలో చదువు మానేశాను. చదువే నన్ను మానేసిందని మా పంతులుగారు చెప్పేవారు. ఇద్దరి మాటా నిజమే. నాలుగు పుస్తకాలు అచ్చయ్యాక సభల్లో నన్ను ‘ఎక్కడ చదువుకున్నారు?’ అని అడుగుతుంటారు. ‘సముద్రం ఒడ్డున’ అంటాను. కవిత్వం అనుకుని చప్పట్లు కొడతారు. నేను చెప్పింది చిరునామా. పడవల వరసకీ చేపలెండేసే చోటుకీ మధ్య ఇసకదిబ్బ ఒకటి ఉండేది, అదే నా కాలేజీ. ఇప్పుడు దాన్ని చూద్దామంటే ఈత రావాలి. సముద్రం ఏటా కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చి ఆ దిబ్బనీ దాని వెనక రెండు వరసల ఇళ్ళనీ తినేసింది.

ఆ ఇళ్ళలో ఒకటి మాది. మాది అంటే మా అమ్మమ్మ నూకాలుది. అమ్మానాన్నా లేని నన్ను ఆవిడే పెంచింది. ఆవిడ కొడుకు గురయ్య మావ, మావ కూతురు పైడమ్మ, నేను, ఒక పిల్లి. ఇంట్లో ఏ మూల ముక్కుపెట్టినా ఎండుచేప, కిరసనాయిలు, తడివల వాసన. పైడమ్మ కాలేజీ సంచి ఒక్కటి వేరే దేశంలా కొత్తకాగితం వాసన వేసేది. మావకి అక్షరం రాదు. రాత్రి అన్నం తిన్నాక ఆ సంచిలోంచి పుస్తకం తీసి, తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి, మళ్ళీ అంత జాగ్రత్తగానూ లోపల పెట్టేవాడు. "ఇయ్యాల్టి పాఠం బాగున్నాదే," అనేవాడు. తరవాత వల ముందేసుకుని కూర్చుంటే, పైడమ్మ పాఠం పైకి చదవాలి. ఆయన సూది వేగం ఆ చదువుతోపాటే సాగేది. పద్యం వస్తే గబగబా, వ్యాకరణం వస్తే ఆగి ఆగి. మా ఇంట్లో వ్యాకరణం రోజుల్లో అల్లిన వలలోంచే చేపలు ఎక్కువ తప్పించుకునేవని నా అనుమానం.

అమ్మమ్మకి మాటలంటే భయం. దెయ్యాలకి భయపడదు, పోలీసులకి భయపడదు, మాటలకి భయపడేది. బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి’ అని అడక్కూడదు. వెనకనుంచి పిలవకూడదు. మనిషి కనుమరుగయ్యేదాకా ఇల్లు ఊడ్చకూడదు. ఇవి మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి, కాకపోతే మీవాళ్ళు వెళ్ళేది ఆఫీసుకి. అన్నిటికన్నా గట్టిది ఇంకొకటి. గడప దాటే మనిషి ‘ఎల్తాను’ అనకూడదు. ‘ఎల్లొత్తాను’ అనాలి. వెళ్ళి, రావాలి. ఆ రెండో ముక్క నోట్లోంచి పడేదాకా అమ్మమ్మ మావకి సద్దిగిన్నె అందించేది కాదు. చిన్నప్పుడు ఒకసారి నేను పాయఖానాకి పోతూ ‘ఎల్తాను’ అంటే వెనక్కి లాక్కొచ్చి, ఒప్పజెప్పించుకుని పంపింది. ఆ ఆలస్యానికి కలిగిన నష్టం ఇక్కడ రాయను.

పైడమ్మ మా పేటలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. అక్కడ జగన్నాథం మేష్టారు కొత్తగా చేరారు. ఆయన పద్ధతి ఆయనది. చదవాలి, రాయాలి, చెయ్యాలి. ఉప్పు గురించి రాయాలంటే ముందు ఒక ఉప్పురాయి నోట్లో కరిగేదాకా మాట్లాడకూడదు. స్టీలు ప్లాంటు గేటు దగ్గర షిఫ్టు మారే వేళ నిలబెట్టి, లోపలికి పోయే ముఖాలూ బయటికొచ్చే ముఖాలూ చూసి తేడా రాయమనేవారు. ఆదివారాలు మా దిబ్బ మీదే క్లాసు. "చేతికి అంటని మాట కాగితానికీ అంటదండీ," అనేవారు. ఆ క్లాసులోకే నేను దూరాను. మొదట పైడమ్మని ఏడిపించడానికి, తరవాత ఎందుకో. పట్నం పిల్లలకి వల కుట్టడం నేర్పమని మేష్టారు నన్ను అడిగారు. వాళ్ళు సూదితో వలకన్నా వేళ్ళే ఎక్కువ కుట్టుకున్నారు. బదులుగా ఆయన నాకు పుస్తకాలిచ్చేవారు. "రాజూ, నువ్వు నవ్వించేటప్పుడు ఒక మాట ఎక్కువ వాడతావు. అది తీసెయ్, ఇంకా నవ్వుతారు," అన్నారొకసారి. తీసి చూశాను. నిజంగానే నవ్వారు. నాకు సాహిత్యం అంటుకున్నది ఆ రోజు.

ఆయన జేబులో ఎర్రపెన్ను ఉండేది. రెండు మాటలు ఒకే పని చేస్తుంటే ఒకదాన్ని ఇంటికి పంపెయ్యాలని ఆయన సూత్రం. మాట మీద అడ్డంగా గీత గీసి, గీత చివర చిన్న కొక్కెంలా పైకి లాగేవారు, గాలంలా. ఒక వారం ‘వీడ్కోలు’ గురించి ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. పట్నం పిల్లలు రైల్వేస్టేషన్లూ కన్నీళ్ళూ రాశారు. పైడమ్మ తెల్లవారుజామున మావ పడవెక్కడం రాసింది. సద్దిగిన్నె, బీడీ, దిబ్బ దిగే అడుగులు, చివర మావ అనే ఒక్క మాట, ‘ఎల్లొత్తాను.’ మేష్టారు రెండుసార్లు చదివారు. తరవాత పెన్ను తీసి, ఆ చివరి మాటలో రావడం ఉన్న సగాన్ని కొట్టేశారు. మిగిలింది ‘ఎల్తాను.’

"వస్తాడని వాడే చెప్పేస్తే పాఠకుడు ఇంకా ఎందుకు చదవాలమ్మా? వస్తాడో రాడో తెలియకూడదు. ఆ తెలియకపోవడమే వీడ్కోలు," అన్నారు.

పైడమ్మ ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాగితం నాకు చూపించింది. కింద ఎర్రగా ‘బాగుంది’ అని ఉంది. ఆయన ఎవరికీ బాగుంది అని రాసే మనిషి కాదు. "అమ్మమ్మకి సూపించకు," అన్నాను. "కాయితం మీద మాటే కదా బావా," అంది. నాకూ అలాగే అనిపించింది. అయినా ఆ కొట్టేసిన చోటు చూస్తే, పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు, కన్ను మళ్ళీ మళ్ళీ అక్కడికే పోయింది.

మేష్టారికి ఇంకో పద్ధతి కూడా ఉంది. రాసింది జరిగిన చోటే నిలబడి పైకి చదవాలి. ఆదివారం తెల్లవారుతుండగా పిల్లల్ని వెంటేసుకుని దిబ్బ మీదకి వచ్చేశారు. చలికాలం. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురుగా ఉండాల్సిన డాల్ఫిన్ నోస్ కొండ మొత్తం మాయమైపోయింది. సముద్రం కనపడటం లేదు, వినపడుతోంది అంతే. పడవ నీటి అంచుకి లాగి పెట్టాం. పడవ మావది, వలలో సగం ఎర్రయ్యది. ఎర్రయ్య పేటలో పెద్దవాడు, మాతోపాటు వేటకి వస్తాడు, ఆడపిల్లకి కాలేజీ ఎందుకని మొదటినుంచీ సణిగిన మనిషి. అమ్మమ్మ సద్దిగిన్నెతో వచ్చి నిలబడింది. ఇంకో పదిమంది ఆడవాళ్ళు చేరారు. తన కూతురు రాసింది మాస్టరు చదివిస్తాడట అని మావ ముందురోజే పేటంతా చెప్పుకున్నాడు మరి.

పైడమ్మ చదివింది. బాగా చదివింది, అదే వచ్చిన చిక్కు. మావ నడక చదువుతుంటే నడక కనపడింది. బీడీ చదువుతుంటే ఎవరో దగ్గారు. ఆఖరికి గొంతు బరువు చేసుకుని, అచ్చం వాళ్ళ నాన్న గొంతుతో, మంచులోకి చూస్తూ అంది. "ఎల్తాను."

చప్పట్లు కొట్టబోయిన పట్నం పిల్లల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఎందుకో వాళ్ళకి తెలియలేదు. అమ్మమ్మ చేతిలో గిన్నె మూత చప్పుడైంది.

"ఏటన్నాదీ గుంట?" అన్నాడు ఎర్రయ్య.

పైడమ్మ వైపు ఒక అడుగు వేశాడు.

"పడవ నీట్లోకి దించే యేళ, బాబు గొంతెట్టి, ఏటన్నాది?"

మేష్టారికి సంగతి సగం అర్థమైంది. "అయ్యా, అది కాగితం మీద మాటండీ. కథ కోసం..." అని ముందుకొచ్చారు.

"కాయితం మీద మాట కాయితం మీదే ఉంచాల బాబూ," అన్నాడు ఎర్రయ్య. "గాలిలోకెందుకొగ్గీసినారు?"

అమ్మమ్మ మావ చెయ్యి పట్టుకుంది. "ఒరే గురయ్యా, ఇయ్యాల ఒద్దురా. మంచు సూడు. ఇంటికి పద."

"మానీద్దాం," అన్నాడు ఎర్రయ్య. "నాను కాదన్ను. గానీ ఇయ్యాల్టినుంచి ఆ గుంట సదువూ మానీయాల. ఒక మాటతో పడవనాపీసింది. రేపు సదువెక్కువై ఇంకేటి సేత్తాదో." ఆడవాళ్ళలో ఒకరిద్దరు తలలూపారు. అందరి చూపులూ పైడమ్మ మీద పడ్డాయి. ఆ పిల్ల కాగితం రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చినిగిపోతుందేమో అన్నట్టు పట్టుకుంది.

మావ వాళ్ళందరినీ ఒకసారి చూశాడు. అమ్మమ్మ చేతిలోంచి సద్దిగిన్నె తనే తీసుకున్నాడు. "ఇయ్యాల నాను మానీత్తే రేపు దాని సదువు మానిపించీత్తారు," అన్నాడు. "తొయ్యండ్రా పడవ." వెళ్తేనే చదువు ఉంటుంది. వెళ్ళి రాకపోతే చదువూ ఉండదు, ఆయనా ఉండడు. అంత చదువు లేని మనిషి అంత లెక్క అక్కడే నిలబడి కట్టాడు. నేనూ ఎర్రయ్యా పడవ తోసి ఎక్కాం. మావ కూడా ఎక్కి, ఎప్పటిలా ఒడ్డుకి తిరిగి, తన మాట తను అనడానికి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడు మేష్టారు, పాపం, వాతావరణం తేలిక చేద్దామనుకున్నారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినంత మర్యాదగా, పడవ వెనకనుంచి కేకేశారు. "గురయ్యగారూ! ఇవాళ ఎక్కడిదాకా వెళ్తారండీ?"

వెనకనుంచి పిలుపు ఒకటి. ‘ఎక్కడ’ ఒకటి. మనిషన్నవాడు ఒకే వాక్యంలో అంతకంటే ఎక్కువ పొరపాట్లు చెయ్యలేడు. ఒడ్డున ఆడవాళ్ళందరూ ఒక్కసారి "ఓలమ్మో!" అన్నారు. ఎర్రయ్య ఉమ్మేసి ఇంజను తాడు లాగాడు. మావ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. కెరటం మమ్మల్ని ఎత్తుకుంది. వెనక్కి చూస్తే ఒడ్డు లేదు.

వల వదిలాక మావ నావైపు తిరిగాడు. "అల్లుడా, ఎల్లొత్తానని నాను అన్నేదు గదరా?"

"ఎలగంతావు?" అన్నాడు ఎర్రయ్య. "సగం నీ కూతురు నరికీసింది. మిగతా సగం మాస్టరు నరికీసినాడు."

నవ్వించడం నా పని. "ఎర్రయ్య మావా, ఇప్పుడనీయొచ్చు గదేటి? ఆలస్యంగా ఒచ్చినాడని సముద్రం బెంచీ ఎక్కిత్తాదా?" అన్నాను.

ఇద్దరూ నవ్వలేదు. "ఆ మాట ఒడ్డుకి సెప్పాల్రా," అన్నాడు ఎర్రయ్య. "నీటికి సెప్తే నీటికే ఒత్తాం."

ఇప్పటికి ఎన్నో పుస్తకాలు చదివాను. అంత చల్లటి వాక్యం ఇంకొకటి చదవలేదు.

కాసేపటికి ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. మావ ఎన్నిసార్లు తాడు లాగినా పలకలేదు. ప్లగ్గులోకి మంచు తేమ చేరి ఆగిందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ముగ్గురం ఒడ్డున పైడమ్మ అన్న మాటనే తలుచుకున్నాం. రేవులోకి వంతు కోసం సముద్రంలో లంగరేసుకుని ఉండే ఓడలు మా చుట్టూ ఎక్కడో ఉన్నాయి. ఒకటి కూస్తుంది, అది కొండవైపో లోతువైపో తెలియదు. ఇంకొకటి జవాబు చెప్తుంది. గదిలో దీపం ఆర్పేసి పెద్దవాళ్ళు మన గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంది. ఎర్రయ్య గొణుగుడు ఆపేశాడు. ఆయన తిడుతున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది. ఆపేశాకే ఒడ్డు ఎటో వెతకడం మొదలెట్టాను.

ఓడ వచ్చింది. ముందు చప్పుడు రాలేదు, ముందు చలి వచ్చింది. మంచులోంచి తుప్పుపట్టిన గోడ ఒకటి నడుచుకుంటూ వచ్చి మా పక్కనుంచి వెళ్ళింది. తలెత్తితే దానికి పైభాగం లేదు. అరిచాం, గిన్నెల మీద కొట్టాం. పైన ఎక్కడో ఎవరో గిన్నెలు తోముకుంటున్న చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. అంత దగ్గర. వాళ్ళకి మా గిన్నెలు వినపడలేదు. అది దాటిపోయాక దాని వెనకున్న కెరటం వచ్చి పడవని పక్కకి తిప్పేసింది. వల తాడు ఒక్కసారి బిగుసుకుంది. మావ కుడిచెయ్యి ఆ తాడుకీ పడవ అంచుకీ మధ్య ఉంది.

మావ అరవలేదు. నా పేరు పిలిచాడంతే. నేను కత్తి తీసి ఎర్రయ్య వంక చూశాను. వలలో సగం ఆయనది, తాడు కోస్తే మొత్తం పోతుంది. "కొయ్యరా, నా ముఖం సూత్తావేటి!" అన్నాడు. కోశాను. వల నీళ్ళలోకి జారిపోయింది. చూపుడువేలూ మధ్యవేలూ వేళ్ళలా లేవు. మావ చేతికి తుండుగుడ్డ చుట్టించుకుని, ఆ చేతిని చంకలో దాచుకుని, ఎర్రయ్యనే చూస్తూ కూర్చున్నాడు.

"ఎర్రన్నా. ఒడ్డుకెళ్ళి ఏటి సెప్తావు?"

ఎర్రయ్య తెడ్డు అందుకున్నాడు. "ముందు ఒడ్డు కనిపించనీ," అన్నాడు.

మధ్యాహ్నం దాటాక మంచు విడింది. చూస్తే, నీటి వాలు మమ్మల్ని కొండకి అవతల యారాడ వైపు ఈడ్చేసింది. నేనూ ఎర్రయ్యా తెడ్లేసుకుంటూ కొండని చుట్టి వచ్చేసరికి పొద్దు గుంకింది, లైట్‌హౌస్ దీపం తిరగడం మొదలెట్టింది. ఒడ్డున జనం చీమల్లా ఉన్నారు. వాళ్ళందరికంటే ముందు, మోకాళ్ళ లోతు నీళ్ళలో, ప్యాంటూ బూట్లతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మేష్టారు. పొద్దుటినుంచి అలాగే ఉన్నారట. వెళ్ళిపొమ్మన్నా వెళ్ళలేదట, మంచినీళ్ళు ఇస్తే తాగలేదట. ఆయన పిల్లలు ఇసకలో వరసగా, పరీక్ష రాస్తున్నంత నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఆ క్లాసులో ఎదురుచూడటం అనే పాఠం ఎవరూ చెప్పకుండానే జరిగింది.

పడవ ఇసకని తాకకముందే మావ లేచి నిలబడి, ఛాతీలో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు. "ఒచ్చీసినాను!"

పొద్దున మింగేసిన సగం అది.

అందరూ ఎర్రయ్య చుట్టూ మూగారు. ఇప్పుడు ఆయన ఏమంటే అదే పేట మాట. పైడమ్మ కాస్త దూరంగా నిలబడింది, చేతిలో అదే కాగితం. "ఏటయినాది? ఇంతసేపేటి? వలేదీ?" అని ఆడవాళ్ళు అడిగారు. ఎర్రయ్య పైడమ్మ వంక ఒకసారి చూశాడు. ఉమ్మేశాడు.

"ఏటవుతాది? మంచు. ఇంజను మొరాయించినాది. వల సొర సింపీసుకుని పోయినాది."

"మరీడు సంకలో సెయ్యెట్టుకున్నాడేటి?" అంది అమ్మమ్మ.

"సలి," అన్నాడు ఎర్రయ్య. పోతూ పోతూ పైడమ్మ దగ్గర ఆగాడు. "సదువుకో. గానీ ఒడ్డున సదవకే." ఆ తరవాత ఆయన బతికున్నంతకాలం పైడమ్మ ఎదురైతే చాలు, "ఏటే అమ్మీ, ఇయ్యాల ఎవుల్ని పంపించీసినావు?" అని అడిగేవాడు. ఆ మాట మాత్రం ఇంకెవరి ముందూ అనలేదు.

జనం పల్చబడ్డాక మేష్టారు తడిబూట్లతో పైడమ్మ దగ్గరికి వచ్చారు. పడవ కడుతున్న నాకు వినపడుతోంది. జేబులోంచి ఎర్రపెన్ను తీసి మూత విప్పారు. "ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా. ఆ సగం మళ్ళీ రాసేస్తాను. తప్పు నాది," అన్నారు.

"ఒద్దు మేష్టారూ."

"ఎందుకమ్మా?"

"పొద్దుటినుంచి ఇక్కడే నిలబడ్డాను. వస్తాడో రాడో నాకు తెలీదు. మీరు సెప్పింది అదే గదా. అదే నిజం. అలాగే ఉండనీండి."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తే. తను నేర్పిన పాఠం పూర్తిగా వంటబట్టిన శిష్యురాలిని చూసి గురువు సంతోషించాలి. ఆయన భయపడ్డారు. నేనూ భయపడ్డాను. ఈ మనిషి ఎప్పుడో గొప్పగా రాస్తుంది, ఈవిడకి దూరంగా ఉండటం మంచిది అనుకున్నాను. పై ఏడు పెళ్ళి చేసుకున్నాను.

ఆ పూట మావ ఎడంచేత్తో అన్నం తిన్నాడు. తుండుగుడ్డ అప్పటికే నల్లబడింది. కాసేపటికి పైడమ్మ కంచం తన దగ్గరికి లాక్కుని, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. తిన్నాక మావ ఎడంచేత్తోనే సంచిలోంచి పుస్తకం తీసి వాసన చూశాడు. "రేపు కాలేజీ ఉన్నాదా?" అన్నాడు. "ఉన్నాది," అంది. అమ్మమ్మ ఆ రోజంతా ఇల్లు ఊడవలేదు. అప్పుడు లేచి చీపురు అందుకుంది. ఆ రెండు వేళ్ళూ మళ్ళీ వంగలేదు. ఉంగరపు వేలికీ బొటనవేలికీ మధ్య సూది ఇరికించుకుని చాలా ఏళ్ళు వల అల్లాడు మావ. చివరికి ఇంట్లోనే, మంచం మీద, పైడమ్మ పాఠం చదువుతుండగా పోయాడు. సముద్రానికి ఆయన మీద బాకీ ఏదైనా ఉందేమో, అది దిబ్బనీ ఇంటినీ తీసుకుని తీర్చుకుంది.

ఇప్పుడు పేట పిల్లలు వేటకి పోతూ ‘బై’ అంటారు. అందులో వెళ్ళడమూ లేదు, రావడమూ లేదు. ఫోన్లో గాలి తెలుస్తుంది, వాన తెలుస్తుంది, ఒడ్డు ఎటో తెలుస్తుంది. మంచిదే. చేపలు ఎటో మాత్రం తెలియడం లేదు, అవి కూడా బై చెప్పేసినట్టున్నాయి. పైడమ్మ ఇప్పుడు కాలేజీలో సాహిత్యం చెప్తుంది, ఇంట్లో కూడా చెప్తుంది. పిల్లల చేత చదివిస్తుంది, రాయిస్తుంది, ఉప్పురాయి నోట్లో పెట్టిస్తుంది. ఒడ్డుకి తీసుకెళ్తుంది గానీ అక్కడ పైకి చదవనివ్వదు. ఎందుకు మేడమ్ అని అడిగితే, గాలి ఎక్కువ, వినపడదు అంటుంది. రోజూ ఉదయం కాలేజీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి ‘ఎల్లొత్తాను బావా’ అంటుంది. మేడమ్ గారి గ్రాంథికమూ వ్యావహారికమూ అన్నీ ఆ గుమ్మంలో రాలిపోతాయి. నేను విన్నానని తల ఊపేదాకా కదలదు.

మళ్ళీ దువ్వాడకి వద్దాం. రైలు వేళయింది. పైడమ్మ మంచం మీదకి వంగి, "వెళ్ళొస్తాం మేష్టారూ," అంది. నేను గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. మేష్టారి పెదాలు కదిలాయి. కంఠంలో నరాలు పైకి లేచాయి. ఆయనకి మిగిలిన గుప్పెడు మాటల్లోంచి ఒకదాన్ని ఏరుకుంటున్నారని తెలుస్తోంది. వెళ్ళిరండి అంటారని అందరం ఎదురుచూశాం.

"వెళ్తాను," అన్నారు. నిక్కచ్చిగా, తరగతిలో అన్నట్టు.

వాళ్ళ అమ్మాయి నవ్వేసింది. "మీరు కాదు నాన్నా, వెళ్తున్నది వాళ్ళు."

ఆయన తల అడ్డంగా ఊపారు. పైడమ్మనే చూస్తూ మళ్ళీ అన్నారు. "వెళ్తాను."

పైడమ్మ మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. అన్నేళ్ళ కిందట ఒడ్డున ‘వద్దు, అలాగే ఉండనీండి’ అన్న మనిషే ఇప్పుడు ఆయన చెయ్యి పట్టుకుంది. "మిగతా సగం కూడా అనండి మేష్టారూ," అంది. "నాకోసం అనండి."

మేష్టారు ఆమె చేతిలోంచి తన ఎడంచెయ్యి మెల్లిగా విడిపించుకున్నారు. బొటనవేలూ చూపుడువేలూ పెన్ను పట్టుకున్నట్టు దగ్గరకొచ్చాయి. గాలిలో, అడ్డంగా, ఒక గీత గీశారు. గీత చివర చిన్న కొక్కెంలా పైకి లాగారు. తరవాత, అర్థమైందా అన్నట్టు ఇద్దరినీ చూశారు.

దూరంగా దువ్వాడ స్టేషన్లో బండి కూసింది. అది ఎటువైపునుంచి వస్తోందో ఒక్క క్షణం నాకు తెలియలేదు. జీవితంలో ఎన్నడూ లేనిది, నా నోటికి ఒక్క జోకూ రాలేదు. చెప్పులు విప్పేసి లోపలికి వచ్చి, మంచం పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏటి బావా, బండి..." అంది పైడమ్మ.

"ఎల్లనీ," అన్నాను. "ఇంకోటొత్తాది."